ప్రోనోటు బాకీ రాబట్టుకోవడం: నోటు రాసే రోజు నుంచి ఈ.పి. (కోర్టు తీర్పు అమలు పిటిషను) దాకా

గోదావరి డెల్టాలో చేబదులు దాటిన అప్పు చాలావరకు ప్రోనోటు మీదే నడుస్తుంది. సార్వా పెట్టుబడికీ, రొయ్యల చెరువు మేతకీ, కొబ్బరి వ్యాపారానికీ, పిల్ల పెళ్లికీ అదే కాగితం. బాకీ రాకపోతే అమలాపురమో, రాజోలో, నరసాపురమో, భీమవరమో, తణుకో, దగ్గర్లో ఉన్న కోర్టుకు వెళ్లడమూ మామూలే. అయితే సొమ్ము నిజంగా ఇచ్చినవాడు కూడా దావా పోగొట్టుకుంటున్నాడు. స్టాంపు సరిగా అంటించక, నోటు వెనక చెల్లు (కొంత బాకీ తీర్చినట్టు రాత) సరిగా రాయించక, మూడేళ్ల గడువు చూసుకోక కేసులు పోతున్నాయి. ఈ మూడూ ప్లీడరు గుమ్మం ఎక్కకముందే జరిగిపోయే తప్పులు. అందుకే ఇక్కడ కోర్టు సంగతుల కంటే ముందు కాగితం సంగతి ఎక్కువగా చెప్పాలి.

నోటు రాసే రోజు

స్టేషనరీ షాపుల్లో అచ్చు ప్రోనోటు పుస్తకాలు దొరుకుతాయి. అచ్చు కాగితమైనా తెల్లకాగితమైనా ఒకటే. లోపల ఉండాల్సిన మాటలు ఇవి:

"... తేదీన ... గ్రామ కాపురస్తులు ... గారి కుమారుడు ... గారికి, ... గ్రామ కాపురస్తుడు ... గారి కుమారుడు ... రాసి ఇచ్చిన ప్రామిసరీ నోటు. నా వ్యవసాయపు ఖర్చుల నిమిత్తం ఈ రోజు మీ వద్ద నేను అప్పుగా పుచ్చుకున్న రొక్కం అక్షరాలా రెండు లక్షల రూపాయలు, రూ. 2,00,000. ఈ మొత్తానికి నెల ఒకటికి నూటికి రూ. 1.50 చొప్పున వడ్డీతో, అసలు వడ్డీలు మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ ఆర్డరు పొందినవారికి గానీ చెల్లించి ఈ నోటు రద్దుపరచుకోగలవాడను. సొమ్ము ముట్టినది."

ఇందులో రెండు ముక్కలు మరిచిపోవద్దు. మొదటిది "మీరు కోరినప్పుడు". దాని బదులు "వచ్చే సంక్రాంతికి చెల్లిస్తాను" అని గడువు పెట్టి రాస్తే స్టాంపు చట్టం దాన్ని వేరే రకం నోటుగా చూస్తుంది. అప్పుడు సుంకం మొత్తాన్ని బట్టి పెరుగుతుంది, రూపాయి స్టాంపు చాలదు. స్టాంపు తక్కువైన ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. అమ్మకం ఒప్పందానికైతే లోటు సుంకం, జరిమానా కట్టి బయటపడొచ్చు. ప్రోనోటుకు ఆ దారి స్టాంపు చట్టం 35వ సెక్షన్ మూసేసింది. పదివేల నోటైనా పది లక్షల నోటైనా ఇంతే. గడువు మాట నోటితో చెప్పుకోండి, కాగితం మీద మాత్రం "కోరినప్పుడు" అనే ఉండాలి.

రెండోది "మీ ఆర్డరు పొందినవారికి గానీ". మన దగ్గర నోటు మీద ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించడం ఆచారం. ఆర్డరు మాట లేకుండా సాక్షి సంతకం ఉన్న అప్పుకాగితాన్ని "ఇది ప్రోనోటు కాదు, బాండు" అని అవతలి ప్లీడరు లేవదీస్తాడు. బాండుకు స్టాంపు ఎక్కువ. దానికి జరిమానా కట్టి గట్టెక్కొచ్చు గానీ, ఆ వాదన తేలేసరికి ఎన్ని వాయిదాలు పోతాయో చెప్పలేం. నాలుగు మాటలు రాస్తే తప్పిపోయే తంటా అది.

రూపాయి రెవెన్యూ స్టాంపు ఒకటి చాలు. దాన్ని అంటించాక సంతకం స్టాంపు మీదుగా వెళ్లాలి. పేరులో మొదటి అక్షరాలు కాగితం మీద పడి, మధ్య భాగం స్టాంపు మీద పడి, చివర మళ్లీ కాగితం మీదికి దిగాలి. కొందరు స్టాంపు పక్కన చక్కగా సంతకం పెట్టి స్టాంపును శుభ్రంగా వదిలేస్తారు. రద్దు చేయని స్టాంపు లేనట్టే లెక్క అని చట్టం చెబుతోంది, కాబట్టి ఆ నోటు స్టాంపు లేని నోటే. స్టాంపు మీద సంతకం పెట్టించి, కింద విడిగా మరో సంతకం పెట్టించడం మంచి అలవాటు. వేలిముద్ర వేసేవారైతే ముద్ర స్టాంపు మీద కొంత, కాగితం మీద కొంత పడాలి. పక్కన "ఫలానావారి ఎడమచేతి బొటనవేలి ముద్ర" అని నోటును చేత్తో రాసిన లేఖరే రాయాలి.

ప్రోనోటు చెల్లడానికి సాక్షులు ఉండి తీరాలన్న నియమం చట్టంలో లేదు. అయినా పెట్టించండి. రేపు "అది నా సంతకం కాదు" అన్నప్పుడు ఆదుకునేది వాళ్లే. సాక్షి మీ బావమరిదో మీ దగ్గర పనిచేసే గుమాస్తానో కాకుండా రెండు పక్షాలకూ తెలిసిన మనిషైతే మాటకు బరువు ఉంటుంది. వయసు మళ్లిన సాక్షి ఒక్కడే ఉంటే కేసు సాక్ష్యానికి వచ్చేసరికి ఆయన ఉండకపోవచ్చు. కనీసం ఒకరైనా నడివయసువారు ఉండాలి. నోటు రాసిన లేఖరి పేరు దస్తూరి (చేతిరాత) అని కింద తప్పక ఉండాలి, సొమ్ము చేతులు మారడం చూసిన మొదటి సాక్షి ఆయనే.

ఖాళీ నోటు మీద సంతకం తీసుకోవడం చాలామందికి అలవాటైపోయింది. సంతకం పెట్టి ఇచ్చిన స్టాంపు కాగితాన్ని పూర్తిచేసుకునే హక్కు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ కింద ఉన్న మాట నిజమే. కానీ ఆ సెక్షన్ ఉందన్న ధైర్యంతో ఖాళీ నోటు తీసుకోవద్దు. సంతకం ఒక సిరా, రాత ఒక సిరా, తేదీ మూడో చేతిరాత అయితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో (అవతలి ప్లీడరు ప్రశ్నల్లో) గంటసేపు అదే నడుస్తుంది. బాకీదారు పక్షాన ఆలోచించినా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడం మెడకు ఉరి తగిలించుకోవడమే. ఎంత అవసరమైనా అంకె, అక్షరాలు, తేదీ, వడ్డీ నిండాకే సంతకం పెట్టాలి.

సొమ్ము బ్యాంకు ద్వారా ఇవ్వండి. 20,000 రూపాయలు, ఆపైన అప్పు నగదుగా పుచ్చుకోవడం ఆదాయపన్ను చట్టానికి విరుద్ధం. అంతే మొత్తం పెనాల్టీ పుచ్చుకున్నవాడి మీద పడవచ్చు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరికీ పన్ను వేయదగ్గ ఆదాయం లేకపోతే ఈ నియమం వర్తించదు. లంక గ్రామంలో ఇద్దరు రైతుల మధ్య అప్పుకు ఈ మినహాయింపు ఉంటుంది గానీ, రొయ్యల వ్యాపారికీ మేత డీలరుకూ ఉండదు. పన్ను సంగతి అటుంచినా, కోర్టులో "ఇంత సొమ్ము మీకెక్కడిది" అన్న ప్రశ్నకు బ్యాంకు స్టేట్‌మెంటు కంటే మంచి జవాబు లేదు.

నోటుకు పనికిరాని బాకీలు కొన్ని ఉన్నాయి. కోడిపందెంలో పోయిన సొమ్ముకూ పేకాట బాకీకీ నోటు రాయించుకుంటే, అది పందెం బాకీ అని అవతలివాడు రుజువు చేసిన రోజున దావా పోతుంది. పందెం ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టరైన చిట్‌ఫండ్ తగాదా చిట్ల రిజిస్ట్రారు దగ్గర తేలాలి, సివిల్ కోర్టుకు తీసుకురాకూడదు.

నోటు వెనక పేజీ

దావా బతకడమూ చావడమూ వెనక పేజీ మీదే ఆధారపడే సందర్భాలు ఎక్కువ.

కోరినప్పుడు చెల్లించే నోటుకు మూడేళ్ల గడువు నోటు తేదీ నుంచే మొదలవుతుంది. మీరు అడిగిన రోజు నుంచి కాదు, నోటీసు ఇచ్చిన రోజు నుంచి కాదు. 10-06-2023న రాసిన నోటు మీద 10-06-2026లోగా దావా కోర్టులో పడాలి. ఆ రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజు వేయొచ్చు. వేసవి సెలవుల్లో గడువు ముగిసే నోట్లకు ఇది వర్తిస్తుంది. కానీ ఆ రోజు దాకా ఆగడం తెలివైన పని కాదు.

గడువు లోపల బాకీదారు కొంత సొమ్ము ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. దీన్నే చెల్లు వేయించడం అంటారు. పై నోటు మీద 05-03-2025న ఐదు వేలు చెల్లు వేయిస్తే గడువు 05-03-2028 దాకా వెళుతుంది. రాత ఇలా ఉండాలి: "ఈ నోటు బాకీలో వడ్డీ కింద ఈ రోజు రూ. 5,000 చెల్లించినాను. తేదీ 05-03-2025." కింద బాకీదారు సంతకం.

ఇక్కడ జరిగే పొరపాట్లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. అప్పిచ్చినవాడు తన చేతిరాతతో "రూ. 5,000 ముట్టినవి" అని రాసుకుని తనే సంతకం పెట్టుకుంటాడు. అది గడువును ఒక్క రోజు కూడా పెంచదు. రాతైనా సంతకమైనా చెల్లించినవాడిదై ఉండాలి. ఇద్దరు కలిసి రాసిన నోటు మీద ఒక్కడి చేత చెల్లు వేయిస్తే రెండోవాడికి గడువు పెరగదు. అన్నదమ్ములిద్దరూ సంతకం పెట్టిన నోటు అయితే చెల్లు కూడా ఇద్దరి చేతా వేయించాలి. నోటు తేదీ నుంచి మూడేళ్లు దాటిన వారానికి చెల్లు రాయిస్తే చచ్చిన గడువు లేవదు. అప్పటికి ఉన్న ఒకే దారి, "గడువు దాటిన ఈ బాకీని చెల్లిస్తానని ఒప్పుకుంటున్నాను" అని సంతకంతో కొత్త వాగ్దానం రాయించుకోవడం. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ దానికి ఒప్పుతుంది. అంతకంటే తేలికైనది పాత నోటు తిరిగిచ్చి అసలు వడ్డీలు కలిపి కొత్త నోటు రాయించుకోవడం.

చెల్లు వేయించినప్పుడూ ఒక సాక్షి ఉంటే మంచిది. గడువు చెల్లు మీదే ఆధారపడిన దావాలో ప్రతివాది నోటు సంతకం ఒప్పుకుని, చెల్లు సంతకం మాత్రం నాది కాదంటాడు. అప్పుడు కేసంతా ఆ ఒక్క సంతకం చుట్టూ తిరుగుతుంది.

పెద్దమనుషుల్లో పెట్టాం, మాటలు నడుస్తున్నాయి అని కూర్చునేవారికి ఒక్క మాట. మాటలు ఎన్నాళ్లు నడిచినా గడువు ఆగదు. పంచాయితీలో కూర్చున్న రోజే అందరి ముందూ వెయ్యి రూపాయలైనా చెల్లు వేయించండి. ఇచ్చే ఉద్దేశం ఉన్నవాడు దానికి వెనకాడడు. వెనకాడితే ఆ వారమే ప్లీడరు దగ్గరికి వెళ్లాలి.

నోటీసు

ప్రోనోటు దావాకు ముందుగా లాయరు నోటీసు ఇచ్చి తీరాలని చట్టం అనదు. అయినా ఇవ్వాలి. జవాబు నోటీసు వస్తే అవతలివాడి వాదన ముందే తెలిసిపోతుంది. సంతకం నాది కాదంటాడా, తీర్చేశానంటాడా, ఖాళీ కాగితం ఇచ్చానంటాడా అన్నది అందులో ఉంటుంది, ఆ తర్వాత మాట మార్చడం కష్టం. జవాబు ఇవ్వకపోతే అదీ మీకు ఉపయోగమే. 2025లో రిజిస్టర్డు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపారు గనుక స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. ట్రాకింగ్ కాగితం అప్పటికప్పుడే ప్రింటు తీసి దాచుకోండి.

బాకీదారు చెక్కు కూడా ఇచ్చి, అది బౌన్సయితే ఆ దారి వేరు, అక్కడి రోజుల లెక్క చాలా గట్టిది. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఇది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. దీంతోపాటు సివిల్ దావా కూడా వేసుకోవచ్చు. చెక్కు కేసు నడుస్తోందని నోటు గడువును వదిలేస్తే దావా దారి మూసుకుపోతుంది.

దావా వేయడం

ఏ కోర్టు అన్నది రెండు సంగతుల మీద ఉంటుంది. ప్రతివాది కాపురం ఉన్న ఊరు గానీ నోటు రాసిన ఊరు గానీ ఆ కోర్టు పరిధిలో ఉండాలి. మొత్తాన్ని బట్టి జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా కోర్టు అని మారుతుంది. 2022 ఏప్రిల్ 4న రెవెన్యూ జిల్లాలు విడిపోయినా మీ ఊరి కోర్టును కలెక్టరేటును బట్టి లెక్కవేయకండి. మీ గ్రామం ఏ మున్సిఫ్ (జూనియర్ సివిల్ జడ్జి) కోర్టు పరిధి అని ప్లీడరు గుమాస్తాను అడిగితే చెబుతాడు.

ప్లీడరు దగ్గరికి తీసుకెళ్లాల్సినవి: అసలు నోటు, నోటీసు కాపీ, పోస్టు రసీదు, జవాబు వచ్చి ఉంటే అది, బ్యాంకు స్టేట్‌మెంటు, మీ ఆధార్, ప్రతివాది పూర్తి చిరునామా, ఇంటి పేరు, తండ్రి పేరు, వయసు. చిరునామా తప్పితే సమన్లు తిరిగొస్తూ ఏడాది గడిచిపోవచ్చు. బాకీదారు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాడా, గల్ఫ్ వెళ్లాడా అన్నది ముందే కనుక్కోండి. అసలు నోటును దావాతోనే కోర్టుకు ఇచ్చేయాలి కాబట్టి ముందూ వెనకా రెండు పేజీలూ రంగుల్లో స్కాన్ తీసి ఉంచుకోండి. దావా నంబరు పడ్డాక 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు తీసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీలు మీరే చూసుకోవచ్చు.

కోర్టు ఫీజు మీరు అడిగే మొత్తం మీద ఉంటుంది, వడ్డీతో కలిపి. అందుకే రాని వడ్డీ లెక్కకట్టి దావా మొత్తం పెంచుకోవడం నష్టం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. మండల న్యాయసేవల కమిటీలో అడగాలి, 15100 కు ఫోన్ చేసినా చెబుతారు. భర్త పోయి, ఆయన ఇచ్చిన అప్పుల నోట్లు బీరువాలో మిగిలిన ఆడవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. చనిపోయినవారి నోటు మీద వారసులు దావా వేయొచ్చు. డిక్రీ (తీర్పు ఉత్తర్వు) ఇచ్చేలోగా వారసత్వ సర్టిఫికెటు కోర్టు అడుగుతుంది. దానికి నెలలు పడుతుంది కాబట్టి దావా వేసిన వెంటనే ఆ పిటిషనూ వేయాలి. బాకీదారే చనిపోతే, వారసుల మీద దావా వేయొచ్చు గానీ, ఆయన ఆస్తి వాళ్లకు సంక్రమించినంత మేరకే రాబట్టుకోగలం. కొడుకు సొంత సంపాదన మీదికి పోలేం.

మేత డీలర్లకూ మిల్లర్లకూ ఇంకో రెండు జాగ్రత్తలు. భాగస్వామ్య సంస్థ రిజిస్టరు కాకపోతే వ్యాపార బాకీకి ఆ సంస్థ పేరున దావా నిలవదు. 3 లక్షలు, ఆపైన వ్యాపార తగాదా అయితే కమర్షియల్ కోర్టుకు వెళ్లాలి. అత్యవసర ఉత్తర్వు అవసరం లేకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అది లేకుండా వేస్తే దావా తిరస్కరిస్తారు. మేత బాకీకి నోటు రాయించుకున్నా, బిల్లులు, ఖాతా పుస్తకం పారేయకండి. నోటు స్టాంపు లోపంతో పోయినా, అంతకు ముందున్న సరుకు బాకీ మీద దావా నడిపే వీలుంటుంది. చేతికి సొమ్ము ఇచ్చి అదే క్షణం నోటు రాయించుకున్న అప్పుకు ఆ ఊరట దొరకడం కష్టం.

ప్రతివాది ఏమంటాడు

సమన్లు అందాక 30 రోజుల్లో, ఆలస్యమైతే 90 రోజుల్లో ప్రతివాది జవాబు పత్రం వేయాలి. కోర్టులు అంతకు మించి కూడా గడువు ఇస్తుంటాయి. అసలు రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. దాన్ని చూసి సంబరపడొద్దు. 30 రోజుల్లో పిటిషను వేసి, రాలేకపోయిన కారణం చూపిస్తే రద్దవుతుంది.

సంతకం ఒప్పుకుని "సొమ్ము ముట్టలేదు" అంటే భారం అతని మీద పడుతుంది. నోటు ఉంటే ప్రతిఫలం ముట్టినట్టే అని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ అనుకోమంటుంది. ముట్టలేదని అతనే చూపాలి. కానీ వాది మాటల్లో పొంతన లేకపోతే ఆ అనుకోలు చెదిరిపోతుంది. క్రాస్‌లో అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే: నోటు ఎవరింట్లో రాశారు, ఏ పూట, సొమ్ము ఏ నోట్ల కట్టలు, సాక్షులు ముందే ఉన్నారా తర్వాత వచ్చారా, ఎవరు ముందు సంతకం పెట్టారు. వాది "మా ఇంటి అరుగు మీద, ఉదయం" అని, సాక్షి "షాపు దగ్గర, సాయంత్రం" అంటే మంచి నోటు కూడా పోతుంది. సాక్షికి అబద్ధం నేర్పమని కాదు. జరిగింది జరిగినట్టు గుర్తు తెచ్చుకుని, గుర్తులేనిది గుర్తులేదని చెప్పమనాలి.

సంతకం నాది కాదంటే చేతిరాత నిపుణుడికి పంపమని పిటిషను వేయొచ్చు. పోల్చడానికి నోటు కాలం నాటి నిజమైన సంతకాలు కావాలి: రిజిస్టరు చేసిన దస్తావేజు, బ్యాంకు ఖాతా పత్రం, సొసైటీ అప్పు కాగితం. కేసు మొదలయ్యాక వకాల్తా మీద పెట్టిన సంతకం ఇందుకు నమ్మదగ్గది కాదు, వంకరగా పెట్టే అవకాశం ఉంది కదా. ఆయా ఆఫీసుల నుంచి కాగితం తెప్పించమని పిటిషను ముందే వేయాలి. వాట్సాప్‌లో "ఇంకో రెండు నెలలు ఆగండి" అని పెట్టిన మెసేజులు ఉంటే ఫోన్ మార్చకండి. ప్రింటుతోపాటు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెటు జతచేయాలి.

వడ్డీ లెక్క

నోటులో వడ్డీ రేటు రాయకపోతే అదే చట్టం 80వ సెక్షన్ కింద ఏటా 18 శాతం వస్తుంది. రాస్తే రాసిన రేటు, కానీ దానికీ హద్దు ఉంది. ప్రతివాది రైతునని చూపించుకుంటే 1938 నాటి వ్యవసాయదారుల ఉపశమన చట్టం అడ్డుపడుతుంది. దానికింద ఆంధ్ర కోర్టులు 12.5 శాతం బారువడ్డీకి తగ్గిస్తుంటాయి. నూటికి రెండు రూపాయల మీద రెండు లక్షలకు రెండున్నరేళ్లకు వడ్డీ 1,20,000. 12.5 శాతం మీద 62,500. తేడా 57,500. ఆ తేడాకూ మీరు కోర్టు ఫీజు కట్టి ఉంటారు. ప్రతివాది పేరున పట్టాదారు పాస్‌పుస్తకం, అడంగల్ ఉంటే మొదటే ప్లీడరుతో ఈ లెక్క వేయించండి. చక్రవడ్డీ నోటు మీద ఆశ పెట్టుకోవద్దు. వ్యాపార బాకీ కాకపోతే డిక్రీ తర్వాత వడ్డీ సాధారణంగా 6 శాతం.

ఇవి చూశాక రాజీ అంత చేదుగా అనిపించదు. పెండింగు దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అసలు మొత్తం, కొంత వడ్డీ, ఆరు నెలల్లో వాయిదాలు అని రాజీ కుదిరితే, ఒక్క వాయిదా తప్పినా మొత్తం ఒకేసారి వసూలు చేసుకోవచ్చని అవార్డులో రాయించండి. ఆ ఒక్క వాక్యం లేని రాజీలు మళ్లీ మొదటికొస్తాయి.

ఆస్తి జారిపోకముందే

దావా సంగతి తెలియగానే ఎకరం భూమి భార్య పేరున సెటిల్‌మెంటు రాసేవాళ్లున్నారు. దావాతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 38 రూలు 5 కింద ముందస్తు జప్తు పిటిషను వేయొచ్చు. "అమ్మేస్తాడని భయంగా ఉంది" అని రాస్తే చాలదు. ఎవరితో బేరం మాట్లాడుతున్నాడు, ఏ సర్వే నంబరు, ఎవరు చెప్పారు అన్నది అఫిడవిట్‌లో ఉండాలి, ఆ విన్నవాళ్ల అఫిడవిట్ కూడా ఉంటే ఇంకా మంచిది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెటు), 1-బి (భూమి హక్కుల రికార్డు), నాలుగు హద్దులు జతచేయాలి. హద్దులు తప్పు రాస్తే అమీనా (జప్తుకు వచ్చే కోర్టు ఉద్యోగి) పక్కవాడి పొలం గట్టు మీద నిలబడి వెనక్కి వస్తాడు.

రైతు కాపురం ఉండే ఇల్లు, దుక్కి పనిముట్లు, విత్తనాలు, కాడెద్దులు జప్తుకు రావు. లంకల్లో డి-పట్టా (ప్రభుత్వం పేదలకు కేటాయించిన) భూమి అయితే కోర్టు వేలంలో కూడా సాధారణంగా చేతులు మారకూడదని 1977 చట్టం ఉంది. దాని మీద ఆశతో అప్పు ఇవ్వకపోవడమే మంచిది.

ఈ.పి.

డిక్రీ చేతికొచ్చాక 12 ఏళ్ల లోపల ఎప్పుడైనా అమలు పిటిషను వేయొచ్చు, కానీ ఆలస్యం చేస్తే మిగిలేది కాగితమే. మూడు దారులున్నాయి.

ప్రతివాది ఉద్యోగి అయితే జీతం జప్తు తేలిక. మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలి, మూడో వంతు పట్టుకోవచ్చు. జీతం 31,000 అయితే నెలకు 10,000. ఒకే డిక్రీకి 24 నెలలకు మించి కుదరదు. పెన్షన్, పీఎఫ్ ముట్టుకోలేరు.

భూమి అయితే జప్తు, వేలం ప్రకటన, వేలం. పాడుకున్నవాడు 25 శాతం అక్కడికక్కడ కట్టాలి, మిగిలినది 15 రోజుల్లో. బాకీకి సరిపడినంత భూమే అమ్మాలి. పావు ఎకరంతో తీరే బాకీకి రెండెకరాలు వేలం వేస్తే ఆ వేలం నిలవదు. అందుకే పిటిషనులోనే ఎంత భాగం చాలో చూపించాలి.

అరెస్టు మూడోది. కట్టే స్తోమత ఉండీ కట్టడం లేదని మీరే రుజువు చేయాలి. చెరువు లీజు, కొత్త బండి, ధాన్యం అమ్మిన కాగితం లాంటివి అప్పుడు పనికొస్తాయి. బీదవాణ్ణి జైల్లో పెట్టడానికి ఈ దారి లేదు, ఉండకూడదు కూడా. మహిళలను సొమ్ము డిక్రీ కింద అరెస్టు చేయరు.

"వాడు ఐ.పి. (దివాలా పిటిషను) పెట్టాడు, ఇక డబ్బు పోయింది" అనుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. ఐ.పి. దాఖలైనంత మాత్రాన మీ దావా ఆగదు. దివాలాదారుగా కోర్టు ప్రకటించాకే మీరు అనుమతి తీసుకుని నడవాలి. నోటీసు రాగానే హాజరై, అతను ఏ ఆస్తి దాచాడో కౌంటరులో రాయాలి. ఐ.పి.కి ముందు రెండేళ్లలో భార్యకో బావమరిదికో ఊరికే రాసిచ్చిన ఆస్తిని దివాలా చట్టం 53వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. బాకీలు ఎగ్గొట్టడానికే ఆస్తి మళ్లించాడని తెలిస్తే, మూడు నెలల్లోగా అప్పు ఇచ్చినవాళ్లే ఐ.పి. వేయొచ్చన్నది కూడా చాలామందికి తెలియదు.

డిక్రీ తర్వాత ఇద్దరూ బయట మాట్లాడుకుని సొమ్ము తీర్చుకుంటే, ఆ సంగతి కోర్టులో నమోదు చేయించాలి. డబ్బు ముట్టినవాడు మెమో వేయాలి. వేయకపోతే ఇచ్చినవాడే 30 రోజుల్లో పిటిషను వేయాలి. నమోదు కాని చెల్లింపును ఈ.పి. కోర్టు లెక్కలోకి తీసుకోదు, అదే సొమ్ము రెండోసారి కట్టాల్సి వస్తుంది. నోటు దశలోనే తీరిస్తే అసలు నోటు చేతిలోకి తీసుకుని, స్టాంపు మీది సంతకం చించేయాలి. "రేపు వెతికి ఇస్తాను" అంటే ఆ రేపటి దాకా సొమ్మూ ఆపండి.